దారిలో విప్పిన ముడి

అరీబా సంచి సర్దడమంటే షంషున్నీసాకు ఒక పూట పని. మంచం మీద పాత దుప్పటి పరిచి, దాని మీద గౌన్లు ఐదు, లోపలి బనియన్లు పది, ఉన్ని స్వెటర్లు రెండు వరుసగా పేర్చింది. ఆగస్టు నెలలో, పెరట్లో గచ్చు మీద అడుగు పెడితే అరికాలు చుర్రుమనే ఒమాన్ ఉత్తర తీరపు సహం ఊళ్ళో, స్వెటర్లు మడతపెడుతుంటే ఆమెకే నవ్వొచ్చింది. కానీ పోయేది సలాలాకు. ఒమానంతా పెనంలా కాలే ఈ మూడు నెలలూ ఆ దక్షిణపు సముద్రతీరంలో మాత్రం కొండలు పచ్చబడి, పగలంతా సన్నటి తుంపర పడుతూనే ఉంటుందట. ఈ ఇంట్లో ఆరేళ్ళుగా వింటోంది. ఒక్కసారీ చూడలేదు.

బట్టలయ్యాక జ్వరం మందు, దాని కొలత మూత, దగ్గు మందు. తర్వాత నీలం మూత కప్పు. పిల్లకు ఐదేళ్ళు దాటినా పాలు ఆ కప్పులోనే తాగుతుంది. ఇంకో కప్పులో పోస్తే ముట్టదు. అన్నిటికన్నా అడుగున దిండు గలీబు పెట్టింది. అది ఉతకనిది. ఉతికితే వాసన పోతుంది, వాసన పోతే పిల్లకు నిద్ర రాదు. ఈ సంగతి ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

ఇక తన సంచి. రెండు జతల బట్టలు, నమాజు దుపట్టా, ఒక గొడుగు.

సామాను కారులోకి చేర్చడానికి వచ్చిన భూమేశ్ ఆ గొడుగు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. జగిత్యాల వైపు మనిషి. ఈ ఇంట్లో నాలుగేళ్ళుగా డ్రైవరు.

"గొడుగెందుకే అక్కా? సలాలాల గొడుగు పట్టినోళ్ళను జూసి నవ్వుతరు. తడిశెటందుకే గదా వెయ్యి కిలోమీటర్లు పొయ్యేది!"

"నవ్వనీలే అబ్బీ. తడిస్తే జలుబు నాకు జేస్తాది గానీ నవ్వినోళ్ళకు కాదు గదా."

"మీ రాయచోటిల వాన లేకపాయె, ఏం లేకపాయె. గొడుగులు మాత్రం ఇంటికి నాలుగుంటయి లెక్కుంది."

"మీ ఇంటి ముందర గోదారి పారుతున్నట్టు మాట్లాడొచ్చినావు. ముందు ఆ సంచి అందుకో. అడ్డంగా పెట్టొద్దు, మందు కారతాది."

భూమేశ్ నవ్వుకుంటూ సంచి భుజానికెత్తుకున్నాడు.

అతను వెళ్ళాక ఉమైమా వచ్చి మంచం అంచున కూర్చుంది. అరీబా తల్లి, ఆ ఇంటి కోడలు. ముప్ఫై దాటలేదు. కాసేపు తన గోళ్ళు చూసుకుంది. ఉమైమా గోళ్ళు చూసుకున్నదంటే చెప్పలేని మాటేదో ఉందన్నమాట.

"అక్క మళ్ళీ ఫోన్ చేసింది" అంది ఉమైమా అరబ్బీలో. ఆ ఇంట్లో మాటలన్నీ అరబ్బీలోనే. ఆరేళ్ళలో షంషున్నీసాకు అది వంటింటి మేరకు వచ్చింది. "పిల్ల వచ్చే నెల బడికి పోతుంది కదా, ఇంకా ఈ పెద్దావిడ ఎందుకు, ఇంగ్లీషు వచ్చిన పిల్లను ఎవరినైనా తెచ్చుకోండి అంటోంది."

అక్క అంటే ఉమైమా భర్త తారిఖ్ అక్క ఖతీజా. నిజ్వాలో ఉంటుంది. ఆమె మాటంటే తారిఖ్‌కు తల్లి మాటతో సమానం.

"బాబా ఏమన్నాడు మామా?" గల్ఫు ఇళ్ళలో పనిచేసే అందరిలాగే ఆమెకూ యజమాని బాబా, యజమానురాలు మామా. కూతురంత వయసైనా సరే.

"సలాలా నుంచి వచ్చాక చెప్తానన్నాడు. నీ వీసా నెలాఖరు దాకా ఉంది కదా. అక్క కూడా మనతోనే వస్తోంది. ఈ నాలుగు రోజులూ కాస్త జాగ్రత్తగా ఉండు. నీకు నేనున్నాను."

షంషున్నీసా తలూపింది. జీతం ఆమెకు ఎక్కడైనా దొరుకుతుంది. ఇంకో ఇల్లు, ఇంకో వంటిల్లు. కానీ అరీబాను ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజు మొదట ఎత్తుకున్నది తను. అప్పుడు ఉమైమాకు జ్వరం. పదకొండు రోజులు పిల్ల తన రొమ్ము మీదే పడుకుంది. ఇంకో రెండేళ్ళు, పిల్ల జుట్టు తనే దువ్వుకునే దాకా. ఆమె అడిగేది అంతే.

మర్నాడు తెల్లవారి నమాజు అయ్యాక పిల్లను లేపి, స్నానం చేయించి, కొబ్బరినూనె రాసి తల దువ్వింది. రెండు జడలు అల్లింది. ఆ నూనె చేతులతోనే తన పెట్టెలోంచి ఆకుపచ్చ పట్టుగుడ్డ పేలిక ఒకటి తీసి, దాంట్లో యాభై బైసల బిళ్ళ పెట్టి చుట్టి, పిల్ల కుడి దండచేతికి కట్టసాగింది. పెదవులు కదులుతున్నాయి. ఒక ముడి, బిస్మిల్లా. రెండో ముడి.

"ఏమిటది?"

గుమ్మంలో ఉమైమా. షంషున్నీసా ఉలిక్కిపడలేదు. తప్పు చేస్తున్నాననుకుంటే కదా!

"ఇమామ్ జామిన్, మామా. మా వైపు దూరం పొయ్యేవాళ్ళకు కడతాం. దారంతా కాపలా. ఊరు చేరినాక విప్పి, ఆ బిళ్ళను బీదవాళ్ళ చేతిలో పెడతాం. అప్పుడే ప్రయాణం అయినట్టు."

"దారిలో విప్పితే?"

"దారిలో విప్పరు మామా."

ఉమైమా నవ్వింది. "మా అమ్మమ్మ కూడా నా మెడలో వెండిదేదో వేసేది. ఇప్పుడు అవన్నీ తప్పంటారు. మరి నీ చేతికి?"

"ఎవరిది వాళ్ళు కట్టుకోకూడదు. ఇంకొకరు కట్టాలి."

మూడో ముడి పడింది. ఉమైమా దగ్గరికొచ్చి, తనే పిల్ల చొక్కా చెయ్యి కిందికి లాగి సర్దింది. "బాబాకు కనపడనీయకు. అక్కకు అసలే..." అని మాట ఆపేసింది.

*

రెండు కార్లు. ముందు కారు తారిఖ్ నడుపుతున్నాడు, పక్కన ఉమైమా. వెనక కారులో భూమేశ్, సామాను, షంషున్నీసా. అరీబా తల్లి కారు ఎక్కనని నేల మీద కూర్చుంది. "షంషూ కారు! షంషూ కారు!" అని గోల. తారిఖ్ నవ్వి సరేనన్నాడు.

బర్కా దాకా సముద్రం ఎడమ పక్కనే వచ్చింది. ఖర్జూర తోటలు, తోటల గోడల మీద ఆరేసిన పనివాళ్ళ లుంగీలు, చిన్న చిన్న కొట్లు. అక్కణ్ణుంచి దారి లోపలికి, కొండల్లోకి తిరిగింది. పదిన్నరకు నిజ్వా చేరారు. ఖతీజా కాఫీ ఫ్లాస్కు, ఖర్జూరాల డబ్బా పట్టుకుని గేటు దగ్గరే నిలబడి ఉంది. ఆమెకూ షంషున్నీసాకూ వయసు దాదాపు ఒకటే. ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులే. కారు దగ్గరికొచ్చి లోపలికి తొంగి చూసింది.

"ఇంత పెద్ద పిల్లను ఇంకా ఒళ్ళోనా?"

షంషున్నీసా పిల్లను పక్కకు దింపింది. పిల్ల మళ్ళీ ఒళ్ళోకి ఎక్కింది. ఖతీజా ఏమీ అనకుండా ఒక ఖర్జూరంలో గింజ తీసేసి, పండు పిల్ల నోట్లో పెట్టి, ముందు కారెక్కింది.

"ఆమె మీన కోపం తెచ్చుకోకే అక్కా" అన్నాడు భూమేశ్, కార్లు మళ్ళీ కదిలాక. "ఆమెకు రెండు కాన్పులైనయి, రెండూ దక్కలె. ఎవరో ఏందో చేసిన్రని ఇరవై ఏండ్ల సంది అదే అనుమానం. ఇంట్ల చీపురు అడ్డం పడ్డా గంటసేపు చూస్తదట."

"నాకు కోపమెందుకప్పా. ఎవురి బాధ వాళ్ళది" అంది షంషున్నీసా. అంటూనే పిల్ల కుడి చొక్కా చెయ్యి మణికట్టు దాకా లాగింది.

ఆదమ్ దాటాక ఇంక ఏమీ లేదు. చెట్టు లేదు, గుట్ట లేదు. రోడ్డు ఒక్కటే, నల్లగా, ఎదురుగా నీళ్ళున్నట్టు మెరుస్తూ. అప్పుడప్పుడూ రోడ్డు పక్కన తలకిందులుగా పడిన కారు డొక్క కనపడేది. అది కనపడినప్పుడల్లా షంషున్నీసా కళ్ళు మూసుకుని లోపల చదువుకునేది. చేయి మాత్రం పిల్ల దండ మీదే. గుడ్డ కింద బిళ్ళ గట్టిగా తగిలేది. తగిలితే ఊపిరి ఆడేది.

"షంషూ, సలాలాలో ఏముంది?"

"వాన."

"వాన మనకు కావాలా?"

"నాకు కావాలి తల్లీ. నీకు చూపిస్తా. గొడుగు తెచ్చినా."

అద్దంలోంచి భూమేశ్ నవ్వాడు. "ఆ గొడుగుకు గూడ ఓ టికెట్ తీసుకోవాల్సుండె."

*

నాలుగు గంటలకు హైమా. ఎడారి మధ్యన నాలుగు పెట్రోలు పంపులు, ఒక మసీదు, రెండు హోటళ్ళు, ఒక లాడ్జి. సలాలాకు ఇంకా ఐదు వందల కిలోమీటర్లు. రాత్రికి ఇక్కడే పడుకుని పొద్దున బయల్దేరాలని తారిఖ్ ముందే అనుకున్నాడు. మూడు గదులు తీసుకున్నారు. వెనక వైపున్న చిన్న గది షంషున్నీసాకు. భూమేశ్ కారులోనే పడుకుంటానన్నాడు.

షంషున్నీసా సంచి విప్పి తువ్వాలు, సబ్బు తీసేసరికి ఖతీజా అరీబా చేయి పట్టుకుని స్నానాల గది వైపు నడుస్తోంది.

"నేను పోస్తాను పెద్ద మామా. మీకు నడుం నొప్పి..."

"ఈ రోజు నేను పోస్తాను. అలవాటు కావద్దూ?"

తలుపు పడింది. షంషున్నీసా తువ్వాలు పట్టుకుని అక్కడే నిలబడింది. లోపల బకెట్టులో నీళ్ళు పడుతున్నాయి. పిల్ల ఏదో చెప్తోంది, ఖతీజా నవ్వుతోంది. బొత్తాములు విప్పుతూ ఉంటుంది, ఇప్పుడు కుడి చెయ్యి లాగుతుంది, అని లెక్కపెట్టుకుంటున్నట్టు ఒక్కొక్కటే తోచింది. ఉమైమా కోసం చుట్టూ చూసింది. ఉమైమా అవతల గదిలో ఫోనులో మాట్లాడుతోంది.

నీళ్ళ చప్పుడు ఆగింది.

"తారిఖ్!"

ఆ పిలుపుకు భూమేశ్ కూడా బయట నుంచి పరిగెత్తుకొచ్చాడు.

గదిలో దీపాలన్నీ వేశారు. తడి ఒంటితో తువ్వాలు చుట్టుకున్న అరీబా మంచం మీద. బల్ల మీద ఒక గిన్నెలో నీళ్ళు, ఆ నీళ్ళలో ఉప్పు. ఖతీజా పెదవులు ఆగకుండా చదువుతున్నాయి. పేలికను గోళ్ళ కొసలతో పట్టుకుని ముడి విప్పుతోంది. ఆమె నటించడం లేదు, నిజంగానే భయపడుతోంది. మాట పడడం షంషున్నీసాకు అలవాటే. భయపడిన మనిషికి ఏం చెప్పాలో ఆమెకు తెలియదు.

"వెంట్రుక" అంది ఖతీజా. "తారిఖ్, చూడు. పిల్ల వెంట్రుక. ముడిలో చుట్టి ఉంది. ఇది చేతబడి."

నిజమే. పొడుగాటి నల్ల వెంట్రుక ఒకటి మూడో ముడిలో ఇరుక్కుని ఉంది. నూనె చేతులు. తల దువ్విన వెంటనే కట్టింది. చేతులు కడుక్కోలేదు.

"దువ్వేటప్పుడు అంటుకుంది బాబా. తల దువ్వి, ఆ చేతులతోనే కట్టినా. అల్లా సాక్షి."

"ఎన్ని ముడులు?" అంది ఖతీజా.

"మూడు. బిస్మిల్లా అని కట్టినా. ఇది చేటు చేసేది కాదు. మా ఊళ్ళో బడికి పొయ్యే పిల్లలకు కడతారు, హజ్జుకు పొయ్యేవాళ్ళకు కడతారు..." అరబ్బీ చాలలేదు. వంటింటి అరబ్బీలో కాపలా అనే మాటకు ఏమంటారో ఉదయం ఉమైమాతో చెప్పినప్పుడు దొరికింది. ఇప్పుడు దొరకలేదు.

తారిఖ్ మంచివాడు. ఆరేళ్ళలో గొంతెత్తి ఒక మాట అనలేదు. ఇప్పుడూ ఎత్తలేదు.

"ఉమైమా, ఇది నీకు తెలుసా?"

ఉమైమా గోళ్ళు చూసుకుంటోంది.

షంషున్నీసా ఆమె వంక చూసింది. ఒక్క మాట చాలు. నాకు తెలుసు, నేనే చొక్కా చెయ్యి కిందికి లాగాను, అంటే చాలు. ఉమైమా తలెత్తలేదు. షంషున్నీసాకు ఒకటి అర్థమైంది. ఇప్పుడు తను నిజం చెప్తే ఈ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళ మీద అనుమానం పడుతుంది. ఇద్దరి మీదా పడితే పిల్లకు ఎవరు మిగులుతారు? పైగా నేనున్నానని అన్న మనిషి. రేపు మాపు చల్లబడ్డాక మొగుడికి చెప్పుకోదా?

"మామాకు తెలియదు బాబా" అంది.

ఉమైమా భుజాలు కొంచెం దిగాయి. అంతే.

"సరే" అన్నాడు తారిఖ్. "నువ్వు చెడు తలపెట్టావని నేను అనను. కానీ అక్క ఇంక నిద్రపోదు. నేనూ పోలేను. రేపు పొద్దున ఇటు నుంచి మస్కట్ బస్సు ఉంది. నిన్ను తెచ్చిన ఆఫీసు వాళ్ళతో మాట్లాడతాను. నీ పెట్టె, పాస్‌పోర్టు పంపిస్తాను."

షంషున్నీసా కిందికి కూలబడింది. ఆ మాటకు కాదు. ఆమె చూపు గిన్నెలో మునిగిన ఆకుపచ్చ పేలిక మీద ఉంది. ఐదు వందల కిలోమీటర్లు. తలకిందులైన కారు డొక్కలు. దారి మధ్యలో విప్పేశారు.

"బాబా, నన్ను పంపండి, పోతాను. కానీ దాన్ని మళ్ళీ పిల్ల చేతికి కట్టనీయండి. రేపు సలాలా చేరే దాకా. చేరినాక తీసి పారేయండి. ఒక్క పూట. మీ కాళ్ళు పట్టుకుంటా..."

"విన్నావా?" అంది ఖతీజా. "విన్నావా తారిఖ్? ఇంకా కట్టాలంట!"

షంషున్నీసా అడగరాని మాట అదొక్కటే. అదే అడిగింది. తారిఖ్ మొహంలో అప్పటిదాకా ఉన్న కాస్త మెత్తదనం పోయింది. అరీబా మంచం మీంచి "షంషూ" అని చేతులు చాపింది. ఖతీజా పిల్లను తన ఒంటికి హత్తుకుని అటు తిరిగిపోయింది.

ఉమైమా లేచి గిన్నె తీసుకుంది. "నేను బయట పారేసి వస్తాను" అంది. ఆ గదిలో ఆమె మాట్లాడింది అదొక్కటే.

*

పొద్దున ఆరు గంటలకు ఉమైమా వెనక గదికి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. చేతిలో అరీబా సంచి. దాన్ని మంచం మీద పెట్టి, ఏది ఎక్కడుందో తెలియనట్టు జిప్పు తీసి చూస్తూ నిలబడింది. తెలియదు కూడా.

షంషున్నీసా ఒక్కొక్కటే తీసి చూపించింది. "ఇది జ్వరం మందు. ఈ గీత దాకా. ఇది దగ్గుకు, రాత్రి మాత్రమే. నీలం కప్పు ఇదిగో. పాలు మరీ వేడిగా ఉంటే మూత తియ్యకుండానే చెప్తుంది, వాసన పట్టేస్తుంది. ఈ దిండు గలీబు ఉతకొద్దు మామా. మాసిపోయినట్టు కనపడతాది, ఉతకొద్దు. నిద్ర రాకపోతే దీన్ని బుగ్గ కింద పెట్టండి."

ఉమైమా పెదవి కొరుక్కుంది. "స్వెటర్ ఏది?"

"స్వెటరా? అది సలాలాలో గదా. ఇక్కడ ఈ ఎండకు..."

"కారులో ఏసీ ఉంటుంది. ఇవ్వు."

షంషున్నీసా పసుపు రంగు స్వెటర్ తీసిచ్చింది. ఉమైమా తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కు తిరక్కుండానే అడిగింది.

"మూడు ముడులేనా?"

రాత్రి ఖతీజా అడిగిన ప్రశ్నే. ఈమె కూడా నమ్మిందా?

"మూడే మామా. ప్రతి ముడికీ బిస్మిల్లా. అంతకన్నా ఏమీ లేదు."

ఉమైమా వెళ్ళిపోయింది.

ఏడున్నరకు సామాను కార్లలో పెట్టారు. అరీబా ఇంకా నిద్రలోనే ఉంది. తారిఖ్ భుజం మీద వేసుకుని తెచ్చాడు. షంషున్నీసా గోడవార నిలబడింది, దగ్గరికి పోలేదు. నిద్రలేస్తే ఏడుస్తుంది. పిల్ల తల ఒక పక్కకు వాలి ఉంది. ఒంటి మీద పసుపు స్వెటర్, మణికట్ల దాకా. అప్పటికే ఎండ చిటపటలాడుతోంది. మెడ దగ్గర చెమట మెరుస్తోంది. ఆ ఒక్క గుండీ అయినా తీయండి అని నోటి దాకా వచ్చింది. ఆ పిల్ల ఒంటి మీది బట్ట గురించి మాట్లాడే హక్కు నిన్నటితో పోయిందని గుర్తొచ్చి మింగేసింది. రెండు జడల్లో ఒకటి వదులైపోయింది.

ముందు కారు వెళ్ళిపోయింది. బస్సు ఎక్కించి రమ్మని, ముందు పెట్రోలు పంపు దగ్గర ఆగుతామని భూమేశ్‌తో చెప్పారు.

హోటలు ముందు బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. భూమేశ్ రెండు టీలు తెచ్చాడు. ఆమె కప్పు చేతిలోనే చల్లారింది.

"చెప్పకపోయినవా అక్కా? మేడం జూసిందని నాకు రాత్రే అనుమానమచ్చింది. ఆమెకు తెల్వకుండ ఆ ఇంట్ల పిల్లకు లంగోటి గూడ మారదు."

"చెప్తే ఏమయ్యేది?"

"ఏమో. ఏదన్న అయ్యేది గద!"

"భూమేశూ, నాకొక మాట ఇయ్యి. నిదానంగా నడుపు. నీ బండి నిదానంగా పోతే ముందు బండి గూడా నీ కోసం నిదానిస్తాది. చేరినాక నాకు ఫోన్ చెయ్యి. ఎంత పనున్నా, ముందు నాకు చెయ్యి."

"చేస్త. నువ్వు మాత్రం ఏడ్వకు. ఏడిస్తే బస్సుల పక్కన కూసున్నోళ్ళకు పరేషాను."

ఆమె నవ్వబోయింది. అంతలో బస్సు వచ్చింది. భూమేశ్ సంచి లోపల పెట్టాడు. కిటికీ అద్దంలోంచి ఆమె అతన్ని చూసింది. అతను చేయెత్తి, పరిగెత్తుకుంటూ వెళ్ళి కారెక్కాడు. బస్సు ఉత్తరానికి, కారు దక్షిణానికి.

*

అయిదు గంటలు ఆమె చేతిలో ఫోను దించలేదు. ఎడారి వెనక్కు వెళ్తోంది, నిన్న వచ్చిన దారే. ఆ కారు డొక్కలే తిరుగు వరుసలో కనపడుతున్నాయి. పక్కన కూర్చున్న కేరళ నర్సు ఒకామె నీళ్ళ సీసా ఇచ్చింది, బిస్కెట్లు ఇచ్చింది. ఎవరైనా పోయారా అని హిందీలో అడిగింది. లేదు, ప్రయాణంలో ఉన్నారు అని చెప్పింది షంషున్నీసా.

రెండు గంటలప్పుడు, నిజ్వా దాటాక, ఫోను మోగింది.

"చేరినారా?"

"చేరినం చేరినం. ఊపిరి పీల్చుకో. అందరు మంచిగున్నరు."

షంషున్నీసా ముందు సీటు కమ్మీని పట్టుకుంది.

"ఇనవడుతుందా? ఇక్కడ మస్తు తుంపర. కొండలు గిట్ల మొత్తం పచ్చగ. నీ గొడుగు డిక్కీలనే మర్సిపోయినవ్."

"పిల్ల ఎట్లుంది?"

"లేసినంక బాగ ఏడ్చింది. షంషూ యాడ, షంషూ యాడ అని. ఒకసారి కక్కింది. ఇప్పుడు వానల ఎగురుతుంది." భూమేశ్ గొంతు తగ్గించాడు. "అక్కా, ఒక ముచ్చట జెప్త. ఎవరికి అనకు. ఊర్లకు రాంగనే మసీదు కాడ ఆపిన్రు. సార్, పెద్దామె నమాజుకు పోయిన్రు. మేడం నన్ను పిలిచి పిల్ల సంచి తెమ్మన్నది. నేను తెచ్చేసరికి ఆమె వెనక సీట్ల పిల్ల స్వెటర్ తీస్తుంది. కుడి దండకు గదే కట్టి ఉందే. ఆకుపచ్చది."

బస్సు ఏదో మలుపు తిరిగింది. షంషున్నీసా ఫోను చెవికి అదుముకుంది.

"ఇనవడుతుందా అక్కా?"

"చెప్పు."

"నన్ను జూసింది. ఏమనలే. మూడు ముడులు విప్పింది. మసీదు కాడ ఊడ్చే బంగ్లాదేశ్ ముసలాయన ఉంటే పిలిచి, గా బిళ్ళ పిల్ల చేతుల పెట్టి ఆయనకు ఇప్పిచ్చింది. పేలిక మడతపెట్టి బ్యాగుల ఏసుకుంది. గంతే. వాళ్ళొచ్చే వరకు అంత మామూలే."

"పిల్ల చేత్తోనే ఇప్పించిందా?"

"పిల్ల చేత్తోనే."

"కుడి చెయ్యేనా?"

"కుడి చెయ్యే. ఏందే అక్కా, నేనేం జెప్తున్న, నువ్వేం అడుగుతున్నవ్? ఆమెకు తెల్సు గద! అది మంచిదేనని తెల్సి, మల్ల పిల్లకు కట్టి మరీ తోల్కపోయింది. నిన్నేమో బస్సెక్కిచ్చింది. నీకేమనిపిస్తలేదా?"

షంషున్నీసా కిటికీ బయటికి చూసింది. కొండలు, కొండల కింద మట్టి ఇళ్ళు, ఇళ్ళ చుట్టూ ఖర్జూర చెట్లు. పసుపు స్వెటర్. మణికట్ల దాకా. మూడు ముడులేనా అని అడిగిన గొంతు. రాత్రంతా ఆ తడిగుడ్డను ఎక్కడ ఆరేసుకుందో. ఎవరికీ కనపడకుండా ఎంత సేపు మేలుకుందో.

"పిల్ల చేరింది గదప్పా" అంది చివరికి. "బిళ్ళ ఇచ్చేసినారు. ఇంగ ప్రయాణం అయినట్టే. ఫోన్ పెట్టెయ్. పిల్ల జడ ఒకటి వదులైంది, ఆమెకు అల్లడం రాదు, రబ్బరు పెట్టుకోమని చెప్పు."

"నేనెట్ల జెప్పాలె అక్కా, నేను డ్రైవర్ను..."

"అవును. చెప్పొద్దులే."

మస్కట్‌లో ఆఫీసు వాళ్ళు ఆమెను వెనక గదిలో ఉంచారు. ఆ గదిలో అప్పటికే ఆరుగురు ఆడవాళ్ళున్నారు. పద్నాలుగు రోజులుంది. పదో రోజున భూమేశ్ పెట్టె, పాస్‌పోర్టు తెచ్చి ఇచ్చాడు, గొడుగు కూడా తెచ్చాడు. ఉమైమా ఏమైనా చెప్పిందా అని ఆమె అడగలేదు. చెప్పలేదని అతనూ అనలేదు. కాసేపు కూర్చుని, పిల్ల మీద రెండు జోకులు చెప్పి, లేచి వెళ్ళిపోయాడు. బయల్దేరే రోజు గదిలో ఉన్న శ్రీకాకుళం అమ్మాయి ఒకతె పెట్టె మోసి గుమ్మం దాకా వచ్చింది. ఆమెకు ఈ ఇమామ్ జామిన్ కట్టే సంగతి తెలియదు. షంషున్నీసా చెప్పలేదు, చేతికి ఏమీ లేకుండానే బయల్దేరింది.

రెండు వేల ఇరవై నాలుగు ఆగస్టు ఇరవై రెండు, గురువారం నాడు షంషున్నీసా మస్కట్‌లో చెన్నై విమానం ఎక్కింది. మళ్ళీ ఒమాన్ రాలేదు.